పదకొండేళ్ళ కాపడం: ఎండోమెట్రియోసిస్ ఉన్న నేను వాడిన నాలుగు సాధనాలు

2014లో బి.ఎడ్. చదువుతున్న రోజుల్లో అనంతపురం సర్వజన ఆసుపత్రికి దగ్గరలో ఉన్న ఒక సర్జికల్ దుకాణంలో నా మొదటి రబ్బరు హాట్ వాటర్ బ్యాగు కొన్నాను. అప్పటి నుంచి ఇప్పటి వరకు రబ్బరు బ్యాగులు నాలుగు, కరెంటుతో వేడెక్కే బ్యాగు ఒకటి, లెక్కపెట్టనన్ని వేడి పట్టీలు, చర్మం మీంచి సన్నటి విద్యుత్తు పంపి నొప్పి తగ్గించే ఒక టెన్స్ యంత్రం నా పొత్తికడుపు మీదా నడుము మీదా పనిచేశాయి. నెలసరి నొప్పికి ఈ వస్తువులు కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు చాలానే కనిపిస్తాయి గానీ వాటిలో ఎక్కువ భాగం కొన్న వారంలోపే రాసినవి, పైగా నెలకు ఒక రోజో రెండు రోజులో నొప్పి వచ్చి పోయేవాళ్ళు రాసినవి. నాకున్నది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయానికి బయట పెరిగే జబ్బు. ఆ సంగతి తెలియక ఏడేళ్ళు, తెలిసిన తరవాత నాలుగేళ్ళు ఇవే వస్తువులు వాడాను కాబట్టి ఒకే బ్యాగు గురించి నాకు రెండు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. రెండూ చెబితే తప్ప ఈ సమీక్షకు అర్థం ఉండదు.

కొనుక్కునే వస్తువులకంటే ముందు మా ఇంట్లో ఉప్పు కాపడం ఉండేది. పదో తరగతిలో నాకు నొప్పి మొదలైనప్పుడు మా అవ్వ ఇనుప బాణలిలో రాళ్ళ ఉప్పు వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, ముందు తన మోచేతికి ఆనించి వేడి చూసుకుని, ఆ తరవాత నా పొత్తికడుపు మీద పెట్టేది. "ఏం కాదులేమ్మా, రెండు కాన్పులైతే అదే తగ్గిపోతాది" అనేది. మూట కొద్దిసేపటికే చల్లారిపోయేది, అవ్వ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే మనిషిని గనుక ఆ తిరుగుడుకు కారణం ఇప్పుడు లెక్కగా కనిపిస్తుంది. ఒకే బరువున్న ఉప్పునూ నీళ్ళనూ ఒకే ఉష్ణోగ్రతకు వేడి చేస్తే, నీళ్ళు దాచుకునే వేడిలో ఉప్పు దాచుకునేది ఇంచుమించు అయిదో వంతు మాత్రమే. ఒక లీటరు నీళ్ళు 60 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు దిగేలోపు దాదాపు 84 కిలోజౌళ్ళ వేడిని వదులుతాయి. రబ్బరు బ్యాగు మంచితనమంతా నీళ్ళదే, రబ్బరు చేసే పని ఆ నీళ్ళను ఒలకకుండా కడుపు వంపును బట్టి పరవడమే.

ఆ పని అది బాగా చేస్తుంది. నిండుగా నింపక, మూడింట రెండు వంతుల వరకే నీళ్ళు పోసి, బ్యాగును బల్ల మీద పడుకోబెట్టి నీళ్ళు మూతి దాకా వచ్చేవరకు మెల్లగా నొక్కి లోపలి గాలిని తీసేసి, అప్పుడు మూత బిగించాలి. గాలి మిగిలితే బ్యాగు దిండులా ఉబ్బి కడుపుకు ఒక్క చోటే తగులుతుంది. కుతకుత ఉడికే నీళ్ళు పోయకూడదు, రబ్బరు తొందరగా పాడవుతుంది, చర్మమూ కాలుతుంది. దుకాణాల్లో ఎక్కువగా పెద్ద సైజే చేతికిస్తారు గానీ నొప్పి ముదిరినప్పుడు కిలోన్నర బరువు పొత్తికడుపు మీద మోయడం శిక్షలాగే ఉంటుంది, కాబట్టి చిన్నది అడిగి తీసుకోవడం మేలు. పెద్దది ఇంట్లో ఉంటే దాన్ని నడుము కింద పెట్టుకోవచ్చు. కొత్త బ్యాగుకు నెల రోజుల పాటు రబ్బరు వాసన పోదు, కడుపులో తిప్పుతున్న రోజున ఆ వాసన భరించడం కష్టం. కొన్న వెంటనే రెండు మూడు సార్లు గోరువెచ్చటి నీళ్ళు నింపి వంపేసి, ఆరబెట్టి ఉంచుకుంటే కొంత తగ్గుతుంది.

మన్నిక విషయంలో మా ఊరి వాతావరణం ఈ వస్తువుకు పడదు. అలమరలో మడిచి దాచిన నా రెండో బ్యాగు ఒక్క ఎండాకాలానికే మెడ దగ్గర సన్నగా పగిలింది. మూడోది నిద్రలో ఉండగా అదే చోట కారి తొడ మీద బొబ్బ లేపింది. అప్పటి నుంచి కొన్న తేదీని బ్యాగు మీద చెరగని సిరాతో రాసి, రెండేళ్ళు దాటితే బాగున్నా పారేస్తున్నాను, దాన్ని పెట్టుకుని నిద్రపోవడం కూడా మానేశాను. మడవకుండా మూత తీసి తలకిందులుగా వేలాడదీస్తే ఎక్కువ కాలం నిలుస్తుందన్నది నా అనుభవం. మొదటిది రెండు వందల యాభై పెట్టి కొన్నాను, నాలుగోదానికి నాలుగు వందలయింది. ఆ డబ్బుకు ఇంతకంటే ఎక్కువ ఉపశమనం ఇచ్చే వస్తువు నాకు తెలియదు.

ఒంటిపూట బడుల కాలంలో, బయట 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, ఫ్యాను పూర్తి వేగంతో పెట్టుకుని కడుపు మీద వేడినీళ్ళ బ్యాగుతో పడుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆయనకు మొదట్లో వచ్చింది కూడా. అయితే ఆ వేడికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. నెలసరి సమయంలో గర్భాశయపు లోపలి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు గర్భాశయ కండరాన్ని బిగిసిపోయేలా చేస్తాయి, ఆ బిగువుకు రక్తప్రసరణ తగ్గి నొప్పి పుడుతుంది. వేడి తగిలినప్పుడు కండరం సడలి రక్తం మళ్ళీ ఆడుతుంది. 2001లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, 38.9 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే పట్టీని రోజుకు 12 గంటలు పొట్ట మీద ఉంచితే, రోజుకు మూడు సార్లు వేసుకున్న 400 మిల్లీగ్రాముల నొప్పి మందు ఐబుప్రోఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గిందని తేలింది. ఇందులో రెండు విషయాలు గమనించవలసినవి. ఒకటి, ఆ వేడి మనం అనుకునేంత ఎక్కువ కాదు, జ్వరం వచ్చిన ఒంటి వేడితో సమానం. రెండు, అది మామూలు నెలసరి నొప్పి మీద చేసిన పరీక్ష.

నా మొదటి అభిప్రాయం ఏడేళ్ళ పాటు ఇంతే. బ్యాగు మంచిది, నొప్పి తగ్గిస్తోంది, అయిదు నక్షత్రాలు. నొప్పి ఏడాదికేడాది పెరుగుతున్నా నేను దాన్ని బ్యాగు లెక్కలోనే కొలిచాను. మొదట్లో ఒక్కసారి నీళ్ళు మారిస్తే సరిపోయేది, తరవాత మూడు సార్లు, ఆ తరవాత రాత్రంతా. నొప్పి నెలసరికి మూడు రోజుల ముందే మొదలవుతోందని, ఆ రోజుల్లో మల విసర్జన చేయాలంటే కత్తితో కోసినట్టు ఉంటోందని, ధర్మవరం వెళ్ళే రైల్లో పెట్టె కుదుపుకు పొత్తికడుపులో ఏదో పట్టి లాగినట్టు అనిపిస్తోందని, రక్తస్రావం ఆగిన తరవాత కూడా వారం రోజులు మంచం మీంచి లేవబుద్ధి కావడం లేదని నేను ఎవరికీ వరసగా చెప్పలేదు. చెప్పిన ఒక్కసారి, పేరు అనవసరమైన ఒక క్లినిక్‌లో, పొట్ట మీద నుంచి స్కాన్ తీసి అంతా నార్మల్ అన్నారు, పెళ్ళయితే సర్దుకుంటుందన్నారు. మా అమ్మ కూడా "ఓర్చుకోవాలమ్మా, ఆడదానికి ఇవన్నీ తప్పవు" అంది. ఆమె తన కాలమంతా ఓర్చుకునే గడిపింది గనుక ఆ మాట నిజాయితీగానే అంది. నా దగ్గర ఓర్చుకోవడానికి ఆమెకు లేని సాధనం ఉంది, అదే తేడా. బ్యాగు లేకపోయి ఉంటే నేను మూడో ఏడాదే పెద్ద డాక్టరు దగ్గరికి పరుగెత్తి ఉండేదాన్నని ఇప్పుడు నమ్ముతున్నాను.

2021లో కర్నూలులో ఒక స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను, అది కూడా పిల్లల కోసం. ఆమె నా కాగితాలు చూడకముందే పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీది చీర తప్పించి, "ఎన్నేళ్ళుగా కాపడం పెట్టుకుంటున్నారు?" అని అడిగారు. నా పొత్తికడుపు మీద వల పరిచినట్టు గోధుమరంగు గీతలున్నాయి. నేను వాటిని ఒంటి రంగులో తేడా అనుకుంటూ వచ్చాను. కాలనంత వేడి ఒకే చోట పదేపదే తగిలితే చర్మం కింద సన్నటి రక్తనాళాలు ఉన్న తీరులోనే ఈ వల మచ్చ ఏర్పడుతుంది, వైద్య పరిభాషలో దీన్ని ఎరిథెమా అబ్ ఇగ్నె అంటారు. చలిదేశాల్లో పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళకు పిక్కల మీద వస్తుంది. కాశ్మీరులో నిప్పుల కుంపటిని కాంగ్రీ అని పిలిచి ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల పొట్టకు ఆనించుకుంటారు. దశాబ్దాల పాటు అలా చేసినవాళ్ళలో కొందరికి అదే చోట చర్మ క్యాన్సరు రావడం వైద్యులు చాలా కాలంగా గమనించారు. నాది అంత దూరం వెళ్ళలేదు. వేడి తగ్గించిన ఏడాదికి సగం మచ్చ పోయింది, మిగతా సగం ఉంది. ఏ స్కానులోనూ కనపడని నా నొప్పి వయసును ఆ మచ్చే చెప్పింది.

ఆ తరవాత ఆమె అడిగిన ప్రశ్నలు అంతవరకు నన్నెవరూ అడగనివి. నెలసరి రోజుల్లో మల విసర్జనకు, మూత్రానికి నొప్పి ఉంటుందా, భర్తతో కలిసినప్పుడు లోతుగా నొప్పి వస్తుందా, నొప్పి నడుములోకి, తొడలోకి పాకుతుందా, నొప్పి వల్ల ఎన్ని రోజులు సెలవు పెట్టవలసి వస్తోంది. అన్నిటికీ జవాబు చెప్పేసరికి నాకు ఏడుపు వచ్చింది. యోని మార్గం గుండా చేసిన స్కానులో ఎడమ అండాశయంలో నాలుగున్నర సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు, అంటే పాత రక్తం నిండిన గడ్డ, కనిపించింది, ఎం.ఆర్.ఐ.లో గర్భాశయం వెనుక భాగం పెద్దపేగుకు అతుక్కుని ఉందని తెలిసింది. పొట్ట మీద నుంచి చేసిన స్కాన్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదనడానికి లేదని ఆమె చెప్పారు. సిస్టు లేకుండా కటి భాగపు పొర మీద చుక్కల్లా మాత్రమే ఉంటే ఎంత మంచి స్కానులోనైనా కనిపించకపోవచ్చు. సి.ఎ. 125 అనే రక్తపరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని ఉందనీ లేదనీ తేల్చకూడదు. ఒకప్పుడు లాపరోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరా దించి, కళ్ళారా చూస్తే తప్ప నిర్ధారణ లేదనేవారు. ఐరోపా పునరుత్పత్తి వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆ పట్టుదలను సడలించి, లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టవచ్చన్నాయి.

జబ్బు స్వభావం తెలిస్తేనే కాపడం ఎంతవరకు పనిచేస్తుందో అర్థమవుతుంది. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయానికి బయట, అంటే అండాశయాల మీద, కటి భాగపు పొర మీద, గర్భాశయానికీ మలాశయానికీ మధ్య ఉన్న లోతులో, మూత్రాశయం మీద, అరుదుగా ఊపిరితిత్తుల కింది విభాజక పటలం మీద కూడా పెరగడమే ఎండోమెట్రియోసిస్. హార్మోన్లకు అదీ స్పందిస్తుంది, దాని చుట్టూ వాపు వస్తుంది, మానే క్రమంలో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నెలసరి రక్తం కొంత అండవాహికల గుండా వెనక్కి కడుపులోకి వెళ్ళడం దీనికి కారణమని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1927లో ప్రతిపాదించాడు, ఎండోమెట్రియోసిస్ అనే పేరు స్థిరపడిందీ ఆయన రచనల వల్లనే. కానీ అలా వెనక్కి వెళ్ళడం చాలా మంది స్త్రీలలో జరుగుతుంది, జబ్బు మాత్రం అందరికీ రాదు, కాబట్టి రోగనిరోధక శక్తి, వంశపారంపర్యం వంటివి కూడా కలిసి పనిచేస్తాయని అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతాన వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు పది శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. జబ్బు దశలను ఒకటి నుంచి నాలుగు వరకు లెక్కిస్తారు గానీ దశకూ నొప్పికీ పొంతన ఉండదు. మొదటి దశలో విలవిల్లాడేవాళ్ళూ, నాలుగో దశలో పిల్లల కోసం పరీక్ష చేయించుకునేదాకా ఏమీ తెలియనివాళ్ళూ ఉన్నారు. కాన్పయితే పోతుందన్న మా అవ్వ మాట నిజం కాదు. గర్భిణిగా ఉన్న కాలంలో కొందరికి నెమ్మదిస్తుందంతే. గర్భాశయం తీసేస్తే పోతుందన్న మాటా పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే జబ్బు ఉన్నది గర్భాశయం బయట. మన జిల్లాల్లో ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళను నేను చాలా మందిని చూశాను గనుక ఈ మాటను ప్రత్యేకంగా చెబుతున్నాను.

నాకు మొదట రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోను మందు ఇచ్చారు. మొదటి మూడు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించి విసిగించింది, ఆ తరవాత నెలసరి ఆగింది, రబ్బరు బ్యాగు అయిదు నెలలు కొక్కేనికే వేలాడింది. మనసు మాత్రం బాగా కుంగింది, అది ఈ మందుతో వచ్చే ఇబ్బందుల్లో ఒకటని ముందే హెచ్చరించారు కాబట్టి తట్టుకున్నాను. పిల్లలు కావాలనుకున్నప్పుడు ఆ మందు ఆపాలి, ఆపితే నొప్పి తిరిగి వచ్చింది, 2022లో లాపరోస్కోపీ చేయించుకున్నాను. అండాశయం మీద కోత పెడితే గుడ్ల నిల్వ తగ్గవచ్చునని ముందుగా ఆ నిల్వను అంచనా వేసే ఎ.ఎం.హెచ్. అనే రక్తపరీక్ష చేయించారు. శస్త్రచికిత్స తరవాత నా నొప్పి సగానికి పైగా తగ్గింది, పూర్తిగా పోలేదు, మళ్ళీ పెరిగే అవకాశం ఉందని కూడా తెలుసు.

ఇప్పుడు రెండో అభిప్రాయం. నాకు వచ్చే నొప్పులన్నీ ఒకటి కావు. కండరం మెలిపెట్టినట్టు వచ్చిపోయే నొప్పికి వేడి నిజంగా పనిచేస్తుంది. అతుకుల వల్ల నడుస్తున్నప్పుడు, వంగినప్పుడు పట్టి లాగే నొప్పికి వేడి పెద్దగా ఏమీ చేయదు. మల విసర్జన సమయంలో వచ్చే పోటుకు అసలు చేయదు. కాళ్ళు పీకి, ఒళ్ళంతా బరువెక్కే నీరసానికి వేడి హాయిగా ఉంటుంది, అంతకంటే ఏమీ లేదు. వేడి వల్ల గడ్డ కరగదు, అతుకు విడదు, జబ్బు ఆగదు. ఇవన్నీ తెలిసిన తరవాత కూడా రబ్బరు బ్యాగుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తీసేసిన ఆ ఒక్క నక్షత్రం బ్యాగు తప్పుకు కాదు, దాని అట్టపెట్టె మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మకు.

కరెంటుతో వేడెక్కే బ్యాగు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెప్పడానికి ఆ వస్తువులో ఏమీ లేదు. లోపల ద్రవం నింపి మూసేసిన మెత్తటి సంచి అది. పది నిమిషాలు ప్లగ్గులో పెడితే వేడెక్కి దానంతట అదే ఆగిపోవాలి, తీగ తీసేసిన తరవాతనే ఒంటి మీద పెట్టుకోవాలి. నీళ్ళు కాచే పని లేకపోవడం సుఖమే. ఏ కంపెనీ అనేది చెప్పను గానీ, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని నా బ్యాగు ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం కరెంటు వచ్చి పోతూ ఉండగా ఆగవలసిన చోట ఆగకుండా బెలూనులా ఉబ్బింది. వంటింట్లో ఉన్న మా అత్తమ్మ వాసన పట్టి ప్లగ్గు లాగేశారు. నీళ్ళూ కరెంటూ ఒకే సంచిలో ఉన్న వస్తువును నొప్పితో స్పృహ సరిగ్గా లేని మనిషి చేతిలో పెట్టకూడదు. ఒక నక్షత్రం.

వేడి పట్టీలు మాత్రం నాకు ఉద్యోగం నిలబెట్టాయి. కవరు చింపగానే పట్టీలోని ఇనుప పొడికి గాలి తగిలి తుప్పు పట్టడం మొదలవుతుంది, ఆ తుప్పు పట్టే చర్యలోనే వేడి పుడుతుంది, ఉప్పూ తేమా దాన్ని వేగవంతం చేస్తాయి. పదో తరగతి పిల్లలకు ఉష్ణమోచక చర్య చెప్పేటప్పుడు వాడేసిన పట్టీని కత్తిరించి లోపలి ఎర్రటి పొడి చూపిస్తాను, ఎందుకు వాడానో చెప్పను. గాలి ఆడకపోతే వేడి పుట్టదు కాబట్టి లంగా బొందు కింద బిగించి కట్టేస్తే పట్టీ పనిచేయదు, చాలా మంది పట్టీ నకిలీదని ఫిర్యాదు చేసేది ఇందుకే అనుకుంటాను. లోదుస్తులకు బయటివైపు అంటించి, మీద చీర కుచ్చిళ్ళు కొంచెం వదులుగా దోపుకోవాలి. చర్మానికి నేరుగా అంటించవద్దని కవరు మీద ఉంటే ఆ మాట వినాలి. పట్టీ కింద నొప్పి బాము రాయకూడదు, రెండు వేడులు కలిస్తే ఒళ్ళు కమిలిపోతుంది. ఒక్కొక్కటి డెబ్భై రూపాయలు, ఆరేడు గంటలు వస్తుంది, నెలకు అయిదారు వాడితే ఉపాధ్యాయురాలి జీతానికి కూడా అది తెలిసే ఖర్చే. అందుకే మూడు నక్షత్రాలు.

నా బల్ల సొరుగులో పట్టీలు ఉంటాయని తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ఎలాగో తెలిసిపోయింది. ఒకసారి ఒక అమ్మాయి వరసగా మూడో నెల అడిగింది. పట్టీ ఇచ్చి, కర్నూలు డాక్టరమ్మ నన్ను అడిగిన ప్రశ్నల్లో ఆ వయసుకు అడగదగినవి అడిగాను, ఆ నెలలో ఎన్ని రోజులు బడి మానేసిందో హాజరు పట్టీలో చూశాను. మగ్గం నేసే వాళ్ళ అమ్మను పిలిపించి మాట్లాడితే, "మాకూ ఇట్లే ఉండె మేడం" అంది. ఎనిమిది రోజులు బడి మానేయించే నొప్పి మామూలు నొప్పి కాదని ఆమెకు నచ్చజెప్పడానికి రెండు సార్లు మాట్లాడవలసి వచ్చింది.

టెన్స్ యంత్రాన్ని ఒక ఫిజియోథెరపిస్టు సలహా మీద పందొమ్మిది వందలకు కొన్నాను. చర్మానికి అంటించిన రెండు మెత్తల మధ్య సన్నటి విద్యుత్తు పంపి, నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో తిమ్మిరి కబురును ముందు పంపడం దీని సూత్రం. ఈ తరహా వివరణకు మూలం 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం. పొత్తికడుపుకు రెండు వైపులా మెత్తలు అంటించి 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి, యంత్రాన్ని బొడ్డు పక్కన చీరలో దోపుకుంటే పాఠం చెబుతూ కూడా వాడుకోవచ్చు. శబ్దం రాదు, వేడి లేదు, మచ్చ పడదు, ఎండాకాలంలో దీనికి సాటి లేదు. ఆపిన అరగంటకు నొప్పి తిరిగి వస్తుంది, మెత్తల జిగురు ఇరవై ముప్పై సార్లకు పోతుంది, కొత్త మెత్తలు మా ఊళ్ళో అన్ని చోట్లా దొరకవు. చెమట పట్టిన ఒంటికి మెత్తలు అంటుకోవు, అనంతపురంలో అది చిన్న లోపం కాదు. గర్భిణులు, గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఎండోమెట్రియోసిస్ మీద దీనితో జరిగిన పరీక్షలు చిన్నవే అయినా ఫలితాలు ఆశ కలిగించేవిగా ఉన్నాయి. నాకు నడుము నొప్పికి బాగా, కడుపు మెలికకు కొంత, పేగు పోటుకు కొంచెం పనిచేసింది. నాలుగు నక్షత్రాలు.

మాత్రలు ఈ సమీక్షలోకి రావు గానీ వీటన్నిటికీ జతగా అందరం మింగేది మాత్రలే కాబట్టి ఒక్క మాట. నేను బి.ఎడ్. రోజుల నుంచి మెఫెనమిక్ యాసిడ్ ఉన్న నొప్పి మాత్రను చీటీ లేకుండా కొనుక్కుని, చాలా సార్లు పరగడుపున వేసుకున్నాను. 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఈ మందు వల్ల అరుదుగా డ్రెస్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చునని హెచ్చరిక జారీ చేసింది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మందు ఆపి డాక్టరును కలవాలి. నెలనెలా పది మాత్రలు మింగవలసి వస్తోందంటే ఆ సంగతిని మందుల దుకాణంవాడికి బదులు డాక్టరుకు చెప్పడం న్యాయం.

ఇప్పుడు నేను వాడే పద్ధతి ఇది. ఇంట్లో రబ్బరు బ్యాగు, దానికి మా అమ్మ పాత నూలు చీరతో రెండు పొరలుగా కుట్టించిన తొడుగు, ఒకసారికి ఇరవై నిమిషాలు, తరవాత కనీసం గంట విరామం. బడిలో చలికాలమైతే పట్టీ, ఎండాకాలమైతే టెన్స్. ఏ రోజు ఏది ఎన్ని సార్లు వాడానో వంటింటి క్యాలెండరు మీద గుర్తు పెడుతున్నాను, ఆ క్యాలెండరు కాగితాలనే ఆరు నెలలకొకసారి కర్నూలు తీసుకువెళ్ళి డాక్టరు ముందు పెడతాను. బ్యాగు నీళ్ళు మార్చిన లెక్క వరసగా మూడు నెలలు పెరిగితే ఆరు నెలలు ఆగకుండా రమ్మన్నారు.

నాలుగో బ్యాగు గురించి ఒక చిన్న ఫిర్యాదు మిగిలింది. మూత లోపలి రబ్బరు వాషరు పోయిన నెలలో అరిగి, బిగించినా చుక్క చుక్కగా కారుతోంది. బ్యాగుకు ఇంకా ఏడాది ఆయుష్షు ఉంది. సర్వజన ఆసుపత్రి ముందు వరుసలో, టవర్ క్లాక్ దగ్గర, సుభాష్ రోడ్డులో అడిగాను, వాషరు విడిగా ఎక్కడా అమ్మడం లేదు, కొత్త బ్యాగు కొనుక్కోమంటున్నారు. చివరికి ప్రెషర్ కుక్కర్లు బాగుచేసే ఆయన ఒక వాషరును కత్తెరతో సరిచేసి పది రూపాయలకు వేసిచ్చాడు, ప్రస్తుతానికి కారడం లేదు.